ఎడమకాలు ఈడ్చుట: పది మార్కులు

యాభై మందికీ, ఆపైన ఎంతమందికైనా వండేవాళ్ళు ఇకమీదట పరీక్ష రాసి లైసెన్సు పుచ్చుకోవాలని చట్టం వచ్చినప్పుడు, రామచంద్రపురం మొత్తం మీద సంతోషించిన వంటమేస్త్రి చయనులు గారొక్కరే. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, ఒడుగులకీ, షష్టిపూర్తులకీ గాడిపొయ్యి దగ్గర నిలబడ్డవారాయన. తెడ్డు పట్టుకోవడం చేతకాని ప్రతివాడూ మేస్త్రినని తిరుగుతున్నాడనీ, సర్కారు ఇన్నాళ్ళకి కళ్ళు తెరిచిందనీ వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పారు. పరీక్షంటే తనకేం భయం లేదన్నారు. అసలు పరీక్ష పెట్టేవాళ్ళే తన దగ్గరికొచ్చి నేర్చుకుని వెళ్ళాలని కూడా అన్నారు. అదే జరిగిందని ఆయనకి అప్పటికింకా తెలియదు.

లైసెన్సు ఆయనకి పరువు కోసం ఒక్కటే కాదు. శ్రావణమాసంలో ఒక్కగానొక్క కూతురు ఇందుమతి పెళ్ళి. ఆ పిల్ల బారసాలకి వండుతున్ననాడే, దీని పెళ్ళికి కూడా నేనే వండాలని ఆయన అనుకున్నారు. ఇరవై ఆరేళ్ళుగా ఎవరింట్లో పెళ్ళివంట వండుతున్నా లోపల ఒక మూల కూతురి పెళ్ళివంటే వండుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఆరువందల మంది భోజనాలు. లైసెన్సు లేకుండా వండితే గిన్నెలు, గుండిగలు జప్తు చేస్తారు, జన్మలో మళ్ళీ పరీక్షకి కూర్చోనివ్వరు. చట్టంలో ఈ సంగతి మాత్రం అందరికీ అర్థమయ్యే తెలుగులో రాశారు.

పరీక్షకి ఒకే పుస్తకం. రాష్ట్ర సామూహిక పాక ప్రమాణాల మండలి వారు ప్రచురించిన 'ప్రామాణిక పాక క్రియావిధానము', నాలుగువందల పన్నెండు పేజీలు. జిల్లాలోకెల్లా ఉత్తముడైన ఒక పాకవేత్తని ఒక రోజల్లా వీడియో తీసి, దాన్ని ముగ్గురు ఆచార్యులు పదహారు నెలలు పరిశీలించి రాశామని ముందుమాటలో చెప్పుకున్నారు. నిష్పాక్షికతకి భంగం కలగకూడదని వంట తెలిసినవారెవరినీ ఈ పనిలోకి రానివ్వలేదని కూడా అక్కడే రాశారు.

ఇందుమతి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. తండ్రికి టైమ్ టేబుల్ వేసి గోడకి అంటించింది. తెల్లారి అయిదింటికి లేచి రెండు పేజీలు బట్టీ, కాఫీ తరవాత పాత పాఠాల వల్లెవేత, మధ్యాహ్నం బిట్లు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి తుండుగుడ్డ నెత్తికి చుట్టుకుని పీటమీద కూర్చుంటే, కూతురు పెళ్ళి శుభలేఖలకి పసుపు రాస్తూ ప్రశ్నలడిగేది.

"నాన్నా, పాకవేత్త గాడిపొయ్యి చెంత సంచరించునపుడు ఏ కాలు ఈడ్వవలెను?"

"కాలెందుకే ఈడవడం? నిప్పుల దగ్గర కాలీడిస్తే అందులోనే పడతాడు."

"తప్పు. ఎడమకాలు. పది మార్కులు."

చయనులు గారు పుస్తకం లాక్కుని చూశారు. నిజంగానే ఉంది. నాలుగో అధ్యాయమంతా కాలు ఈడవడమే. ఆరో అధ్యాయంలో, పనికీ పనికీ మధ్య పాకవేత్త ఎక్కిలి పెట్టవలెననీ, ఇది శ్వాసని అదుపులో ఉంచే ప్రాచీన పద్ధతి కావచ్చుననీ ఉంది. తొమ్మిదో అధ్యాయంలో, మరుగుతున్న గుండిగని మూడడుగులు తూర్పుకి జరపడం ఎలాగో బొమ్మలు గీసి చూపించారు. పదో అధ్యాయానికి ముందు ఒక ఫోటో. మొహం మసకగా చేసేశారు గానీ ఆకుపచ్చ అంచు తుండుగుడ్డా, ఆ బొజ్జా, ఆ నిలబడడం దాచలేకపోయారు.

"నాన్నా," అంది ఇందుమతి, "ఇది నువ్వే."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. నాలుగేళ్ళ కిందట ద్రాక్షారామంలో ఒక రైసుమిల్లువాళ్ళ పెళ్ళి. కెమేరాతో ఎవరో రోజంతా వెంటపడితే పెళ్ళి వీడియో అనుకున్నారు. ఆ పొద్దున్నే పొయ్యిరాయి తగిలి ఎడమకాలి బొటనవేలు చితికింది. మధ్యాహ్నం దాకా ఎక్కిళ్ళు వదల్లేదు. పైన రేకు కారుతుంటే గుండిగని అవతలకి జరిపారు. పదహారు నెలలు చూసినా ఆ ముగ్గురికీ రేకు కనబడలేదు.

వీటన్నిటికన్నా పదకొండో అధ్యాయం ఘనమైనది. దేవుడికి నివేదన పెట్టేదాకా చయనులు గారు వంటని నోట్లో పెట్టుకోరు. ఆయన గురువూ పెట్టుకోలేదు. దప్పళం తెర్లుతున్నప్పుడు గుండిగ మీదికి వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలుస్తారు. ఉప్పు చాలకపోతే ఒక పచ్చివాసన, చాలితే ఒక నిండువాసన. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ ముక్కు తప్పింది లేదు. కానీ వీడియోలోకి వాసన ఎక్కదు కదా! ఆచార్యులు ముగ్గురూ బాగా ఆలోచించి, 'గుండిగకు నమస్కారము, ఏడు సెకన్లు' అని రాశారు.

చయనులు గారు నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు తెచ్చుకున్నారు. ఆయన భార్య రాజ్యం గారు మంచినీళ్ళు పట్టుకొస్తూ, "ఆపకండి, దానికీ మార్కులున్నాయిట," అన్నారు.

పరీక్ష కాకినాడలో జరిగింది. రాతపరీక్షలో నలభయ్యో ప్రశ్న: ఉప్పు సరిపోయినదని పాకవేత్తకు ఎట్లు తెలియును? రుచి చూచుట వలన, వాసన వలన, అనుభవము వలన, గుండిగకు నమస్కరించి లేచుట వలన. చయనులు గారు రెండోదానికి టిక్కు పెట్టి, ఎందుకైనా మంచిదని పక్కన 'నేనే' అని కూడా రాశారు. మర్నాడు ప్రాక్టికల్. గుమ్మడికాయ ముక్కల దప్పళం వండారు. పరీక్షకులు ఇద్దరూ ఒకసారి వడ్డించుకుని తిన్నారు, రెండోసారి వడ్డించుకున్నారు, మూడోసారి గిన్నె వంచుకున్నారు. చేతులు కడుక్కొచ్చి నూటికి పందొమ్మిది వేశారు. రుచికి సిలబస్‌లో మార్కులు లేవని, ఉంటే తామే వేసేవాళ్ళమని వారిలో పెద్దాయన ఎంతో బాధపడుతూ చెప్పారు.

చయనులు గారు మండలి ఆఫీసుకి వెళ్ళారు. సభ్య కార్యదర్శి జ్ఞానప్రకాశరావు గారు మర్యాదస్తులు. కుర్చీ చూపించి, చెప్పిందంతా విన్నారు.

"తమరు మూలపురుషులు కావచ్చును. అందుకు మండలి హర్షిస్తున్నది. కానీ ప్రమాణం ఒకసారి ప్రకటితమైన పిమ్మట మూలపురుషుడు సైతం ప్రమాణానికి బద్ధుడే."

"ఆవేళ నాకు కాలు నెప్పండీ బాబూ. అందుకని ఈడ్చాను."

"నొప్పి అనునది వీడియోలో నమోదు కాలేదు. ఈడ్చుట నమోదైనది."

"పోనీ ఆ వంగడం సంగతి చూడండి. అది దణ్ణం కాదండీ. వాసన చూస్తున్నాను."

"వాసనకు కొలమానం లేదు. కొలమానం లేనిదానిని మండలి గుర్తించజాలదు. నమస్కారమైతే ఏడు సెకన్లు. ఎవరైనా లెక్కపెట్టవచ్చును."

"ఆ పుస్తకంలో ఉన్నది నేనండీ! నేను చెబుతున్నాను కదా, అది తప్పని!"

"ముఖం గోప్యత దృష్ట్యా అస్పష్టం చేయబడింది. ఆ వ్యక్తి ఎవరో వెల్లడించాలంటే ఆ వ్యక్తి లిఖితపూర్వక అనుమతి కావాలి."

"ఇప్పుడే రాసిస్తాను. కాగితం ఇప్పించండి."

"తమరు ఆ వ్యక్తి అని ముందు తేలాలి కదండీ," అన్నారు కార్యదర్శి గారు చాలా ఓపికగా. "అది తేలవలెనన్న ముఖం చూడాలి. ముఖం చూడవలెనన్న అనుమతి కావాలి." ఇంత చెప్పినా ఎదుటివాడికి బోధపడలేదేమోనని జాలిపడి, పై నెలలో సప్లిమెంటరీ ఉందనీ, కోచింగుకి వెళితే మంచిదనీ సలహా ఇచ్చారు. పెళ్ళికి అప్పటికి ఏడు వారాలుంది. చయనులు గారికి వేరే దారి లేదు.

కాకినాడలో కోచింగ్ సెంటర్లు అప్పటికే పుట్టగొడుగుల్లా లేచాయి. ఎడమకాలు ఈడుస్తూ ఎవరైనా బస్సెక్కితే కండక్టర్లు ఏ ఊరని అడక్కుండా కోచింగ్ సెంటర్ల స్టాపుకి టిక్కెట్టు కొట్టేవాళ్ళు. చయనులు గారు చేరిన సెంటర్లో పాఠం చెప్పే సాత్విక్ సారుకి ఇరవై ఏడేళ్ళు. ఆయన పొయ్యి వెలిగించి ఎరగరు, కానీ మొదటి పరీక్షలో రాష్ట్రంలో మూడో ర్యాంకు. నలభై మంది మేస్త్రులు ఖాళీ ప్లాస్టిక్ తొట్లు ముందు పెట్టుకుని వాటిచుట్టూ కాలీడుస్తుంటే, ఆయన మధ్యలో స్టాప్‌వాచీతో తిరిగేవారు. పదకొండేళ్ళు చయనులు గారి దగ్గర తెడ్డు తిప్పిన సూరిబాబు కూడా ఆ బ్యాచే. గురువు గారు వెనకబెంచీలో కూర్చోవడం చూసి వాడు సిగ్గుతో తొట్టిలోకి తల దూర్చేశాడు. నమస్కారం బాగా చేస్తున్నావని సారు మెచ్చుకున్నారు.

"పెద్దాయనా," అన్నారు సాత్విక్ సారు మూడోరోజున, "మీ కుంటుడులో సహజత్వం లేదండి. వీడియోలో ఆ మనిషిని చూడండి, ఎంత సహజంగా ఈడుస్తున్నాడో. కాలు కాదండీ, ముందు మనసు ఈడవాలి."

"ఆ మనిషికి వేలు చితికిందండీ."

"కథలొద్దండి. ఇంకోటి. నమస్కారం చేసినప్పుడు మీరు ఊపిరి పీల్చేస్తున్నారు. అది సిలబస్‌లో లేదు. బిగబట్టండి."

"ఖాళీ తొట్టే కదండీ, పీలిస్తే ఏం పోయింది?"

"ఇక్కడ అలవాటైతే అక్కడా పీలుస్తారు. మైనస్ అయిదు."

చయనులు గారు ఇంటి దగ్గర కూడా సాధన చేశారు. ఎడమేదో కుడేదో తొందరలో తడబడకుండా ఎడమకాలికి నల్లతాడు కట్టుకున్నారు. వీధరుగు మీద ఈ కొసనించి ఆ కొసకి ఈడుస్తూ, గోడ దగ్గర ఒక ఎక్కిలి పెట్టి, మళ్ళీ ఈడుస్తూ వెనక్కి వచ్చేవారు. పక్కింటివాళ్ళు నొప్పుల నూనె సీసా పంపించారు. మగపెళ్ళివారు పెళ్ళి ఏర్పాట్లు మాట్లాడడానికి వచ్చిన రోజున రాజ్యం గారు, "ఇవాళొక్కపూట ఆ కాలు కాస్త తిన్నగా వెయ్యండి, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలారు. అలవాటైన కాలు మాట వినలేదు. వియ్యంకుడు ఊరికెళ్ళాక ఎముకల డాక్టరు ఫోన్ నంబరు పంపించారు.

సప్లిమెంటరీ ప్రాక్టికల్‌లో చయనులు గారు మొదటి గంట అద్భుతంగా కాలీడ్చారు. ఎక్కిళ్ళు మూడు విడతలా సమయానికి పడ్డాయి. గుండిగని తూర్పుకి జరిపారు. పరీక్షకులు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలాడించారు. దప్పళం తెర్లింది. చయనులు గారు ఊపిరి బిగబట్టి వంగారు. ఒకటి, రెండు, మూడు. నాలుగో సెకనులో ఆ ఆవిరి మొహానికి తగిలింది, ముక్కు తన పని తాను చేసుకుపోయింది. పచ్చివాసన. ఉప్పు చాల్లేదు. ఆయన వద్దనుకుంటూనే ఉన్నారు, చెయ్యి వెళ్ళి ఉప్పు జాడీలోంచి ఒక గుప్పెడు తీసి గుండిగలో వేసేసింది.

'గుండిగపై శ్వాస పీల్చుట, మైనస్ అయిదు. స్వయం నిర్ణయముతో ఉప్పు వేయుట, మైనస్ అయిదు,' అని రాసుకున్నారు పరీక్షకులు. రెండు మార్కుల్లో పోయింది. సూరిబాబు ఫస్టుక్లాసులో ప్యాసయ్యాడు.

ఇంటికొచ్చి చయనులు గారు పెరట్లో గుండిగలు బోర్లించినచోట కూర్చుని ఏడ్చారు. పరీక్ష పోయినందుకు కాదు. పిల్ల పెళ్ళికి చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చినందుకు. ఇందుమతి వచ్చి పక్కన కూర్చుని, పెళ్ళి మాఘమాసానికి వాయిదా వేద్దామంది. ముహూర్తం కుదిరాక వంటవాడి కోసం పెళ్ళి ఆపిన ఇల్లు ఎక్కడా లేదనీ, తన ఇల్లు మొదటిది కానక్కర్లేదనీ ఆయన అన్నారు. సూరిబాబుని పిలిపించి తాంబూలం చేతిలో పెట్టారు. వాడు తాంబూలం పట్టుకునే కాళ్ళమీద పడ్డాడు.

"గురువు గారూ, పేరుకే నేనండి, ఆయ్. తవరు పక్కన నిలబడి చెప్పండి, నేను వేసేత్తాను."

పెళ్ళిరోజు పొద్దున్నే మండలి పర్యవేక్షకుడు మురహరి రిజిస్టరూ, కొలటేపూ పట్టుకుని వచ్చి ఆ ముచ్చట కూడా తీరకుండా చేశాడు. లైసెన్సు లేనివారు గుండిగకి ఇరవై అడుగుల లోపల నిలబడరాదు, సూచనలివ్వరాదు, సైగ చేయరాదు. టేపుతో కొలిచి, పెళ్ళివారి ముగ్గుపిండే అడిగి పుచ్చుకుని గీత గీశాడు. పట్టుపంచె కట్టుకున్న చయనులు గారు గీతకి ఇవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

సూరిబాబు కాలీడుస్తూ దిగాడు. వెనక వాడి శిష్యులు పదిమందీ కాలీడుస్తూ దిగారు. మగపెళ్ళివారి తరఫు ముసలమ్మగారొకరు చూసి, "పాపం, అందరికీ ఒక్కటే జబ్బా?" అని నొచ్చుకున్నారు. దప్పళం తెర్లే వేళకి సూరిబాబు ఊపిరి బిగబట్టి ఏడు సెకన్లు వంగి లేచాడు. ఇరవై అడుగుల అవతల చయనులు గారికి పచ్చివాసన కొట్టింది. ఉప్పు అసలు పడనే లేదు. ఆయన నోరు తెరిచారు. మురహరి కలం మూత తీశాడు. ఆయన నోరు మూసుకున్నారు.

మాంగల్యధారణ అయింది. భోజనాల బంతులు సాగాయి. గోదావరి జిల్లాలో పెళ్ళిభోజనం మధ్యలో దప్పళం మళ్ళీ అడిగినవాడు లేని పందిరి అదే మొదలు. జనం పెరుగూ ఆవకాయా అడిగి పుచ్చుకుని, మర్యాదకి తలలు వంచుకుని తిన్నారు. ఫిర్యాదు ఉన్నవారు ఫారం నింపవచ్చునని మురహరి బంతుల మధ్య తిరుగుతూ చెప్పాడు.

ఇందుమతి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆకు ముందునించి లేచింది. మధుపర్కాలతోనే పందిరంతా దాటుకుని గీత దగ్గరికి వచ్చింది.

"నాన్నా, రాత్రినించీ ఏమీ తినలేదు. ఆకలేస్తోంది. నువ్వు వండితే తింటాను."

చయనులు గారు మురహరి వైపు చూశారు. మురహరి చట్టం తీసి చదువుకున్నాడు. "ఒక్కరికే కదండీ. యాభైమంది లోపు గృహపాకం. గీతకి ఇవతలే వండుకోండి. అభ్యంతరం లేదు."

చయనులు గారు పట్టుపంచె ఎగగట్టారు. గీతకి ఇవతల మూడు ఇటికలు పేర్చి పొయ్యి వెలిగించారు. ఒక్కరికి వండుదామనే మొదలుపెట్టారు గానీ, వందలకి అలవాటైన చేతికి ఒక్కరి కొలత రాదు. సగం గుమ్మడికాయ తరిగేశారు, చింతపండు దోసెడు పిసికేశారు. పులుసు తెర్లగానే వంగి, ఎవరు చూస్తే నాకేమని ఊపిరి నిండా పీల్చారు. ఉప్పు వేశారు. మళ్ళీ పీల్చారు. నిండువాసన వచ్చింది. దేవుడికి చూపించి, కూతురి ఆకులో వేశారు. ఇందుమతి కలుపుకుని తింటూ కళ్ళు తుడుచుకుంది. ఆయన కూడా తుడుచుకున్నారు, పొగ అని చెప్పలేదు.

పెళ్ళికొడుకు వచ్చి ఆకు పట్టాడు. వియ్యంకుడు వచ్చారు. ముసలమ్మగారు మనవడి చెయ్యి పట్టుకుని వచ్చారు. ఆ తరవాత లైనే. అన్నం పెట్టుకున్న ఆకులు రెండుచేతులా పట్టుకుని జనం గీత పొడుగునా నిలబడ్డారు. మురహరి పక్కనే నిలబడి గీతలు గీస్తూ లెక్క రాశాడు. పద్దెనిమిది. ముప్ఫై ఒకటి. నలభై ఆరు. నలభై తొమ్మిదో ఆకు వెళ్ళిపోయాక కలం గరిటకి అడ్డం పెట్టాడు.

"ఇక్కడితో ఆపెయ్యండి చయనులు గారూ. ఇంకొక్క ఆకులో పడిందంటే సామూహిక పాకం. గిన్నెలు పోతాయి, జన్మలో మళ్ళీ పరీక్ష ఉండదు. నా చేతుల్లో కూడా ఏమీ ఉండదండి."

చయనులు గారు తలెత్తి చూశారు. యాభయ్యో ఆకు పట్టుకుని నిలబడ్డవాడు సూరిబాబు. పొద్దుటినించీ కాలీడ్చి కాలు వాచిపోయింది. కాలే కడుపుతో, తను వండిన వంట తను తినలేక వచ్చాడు. మురహరి మాట విని ఆకు దించేశాడు.

"వద్దులెండి గురువు గారూ. నేను పెరుగేసుకు తింటానండి."

"ఆకు పట్టరా," అన్నారు చయనులు గారు.

"గురువు గారూ, తవరి లైసెన్సండి..."

"పెళ్ళిలో ఆకు పట్టుకుని వచ్చినవాణ్ణి పొమ్మనడానికి ఏ లైసెన్సు కావాలో నాకు తెలీదు. నా కూతురి పెళ్ళి ఇది. పట్టమన్నానా!"

నిండుగా రెండు గరిటెలు పోశారు. మురహరి ఒక నిట్టూర్పు విడిచి, రిజిస్టరు కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, నేరం జరిగిన సమయం రాశాడు. నేరస్థుడి పేరు రాశాడు. రాస్తూ రాస్తూ ఆగి, గిన్నెలోకి చూశాడు. పొద్దుట ఆరింటినించీ నిలబడే ఉన్నాడతను. మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

"కేసు నిలవాలంటే నమూనా సేకరించాలండి," అన్నాడు.

"సేకరించండి బాబూ. సీసా ఉందా?"

మురహరి అటూ ఇటూ చూశాడు. రిజిస్టరు కింద పెట్టి, వడ్డన బల్ల మీదనించి ఒక ఆకు తీసుకుని నీళ్ళు చల్లుకున్నాడు. ఒక బోర్లించిన గుండిగ మీద కూర్చుని, ఆకు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ముందు కాస్త అన్నం పెట్టించండి," అన్నాడు.